ఆవిడ ఉడకబెట్టిందేమిటి?

ఆడమనిషి జీవితాన్ని సినిమాగా తీయాలనుకున్నవాళ్ళు మొట్టమొదట వెతికేది పెళ్ళికొడుకుని. ఆవిడ రాణి కానివ్వండి, గాయని కానివ్వండి, రసాయన శాస్త్రాన్ని తలకిందులు చేసిన మనిషి కానివ్వండి, ఎవర్ని ప్రేమించింది, ఎలా పెళ్ళాడింది, ఎవరి కోసం ఏడ్చింది అన్న మూడు సంగతులూ తేలితే గాని కథ కదలదు. అదే మగ శాస్త్రజ్ఞుడి మీద సినిమా అయితే భార్య గుమ్మం దగ్గర కాఫీ కప్పుతో నిలబడి, "ఇంకా పడుకోలేదా?" అని ఒక్క మాట అని వెళ్ళిపోతుంది. ఆయనగారు నల్లబల్ల మీద లెక్కలు వేసుకుంటూనే ఉంటారు.

మేడమ్ క్యూరీ మీద తీసిన రెండు సినిమాలు ఈమధ్య ఒక్క వారంలో చూశాను. ఒకటి 1943లో హాలీవుడ్‌లో ఎం.జి.ఎం. వారు తీసిన 'మేడమ్ క్యూరీ'. మెర్విన్ లెరాయ్ దర్శకుడు. మేరీగా గ్రీర్ గార్సన్, ఆవిడ భర్త పియరీగా వాల్టర్ పిడ్జన్ వేశారు. రెండోది 2019లో వచ్చిన 'రేడియోయాక్టివ్'. దీనికి దర్శకురాలు మర్జాన్ సత్రాపి, ఇరాన్‌లో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడ్డావిడ. తన చిన్ననాటి కథని 'పెర్సెపోలిస్' అని బొమ్మల పుస్తకంగా గీసి పేరు తెచ్చుకుంది. ఇందులో మేరీ వేషం రోజమండ్ పైక్‌ది. రెండు సినిమాల మధ్యా డెబ్భయ్యారేళ్ళు. ఈ మధ్యకాలంలో లోకం ఎంత మారిందో, సినిమావాళ్ళు ఎంత మారలేదో చూడాలని నా కోరిక.

క్యూరీ కథ మనకి హైస్కూలు పాఠంలోనే పరిచయం. పోలెండులో పుట్టిన పేదింటి పిల్ల, పారిస్ వచ్చి అటకగదిలో చలికి వణుకుతూ చదవడం, పియరీతో పెళ్ళి, రేడియం, రెండు నోబెల్ బహుమతులు. పరీక్షలో అయిదు మార్కులకి ఇంత చాలు. సినిమాకి మాత్రం చాలదు కదా! అక్కడ ఆవిడ పూటపూటా ఏం చేసిందో చూపించాలి. చిక్కంతా అక్కడే వచ్చింది.

పాత సినిమా ముందు చెబుతాను. ఇది మేరీ రెండో కూతురు ఈవ్ 1937లో రాసిన జీవితచరిత్ర ఆధారంగా తీసింది. నలుపు తెలుపు బొమ్మ, దీపాల వెలుగులో గ్రీర్ గార్సన్ ముఖం అమ్మవారి విగ్రహంలా ఉంటుంది. పియరీ ప్రయోగశాలలోకి ఈ అమ్మాయి రావడం, ఆయన బిడియం, పుస్తకం మీద పేరు రాసి ఇవ్వడానికి పడే తంటాలు ఎంతసేపు తీశారో చెప్పలేను. పెళ్ళి ప్రస్తావన తేవడానికి ఆ మహానుభావుడు తమ ఇద్దరి పొత్తునీ ఉప్పుతో పోలుస్తాడు. సోడియమూ క్లోరినూ కలిస్తే స్థిరంగా ఉంటాయిట! నవ్వొచ్చింది గాని బాగానే ఉంది. మన సినిమా హీరోలు చందమామతో పోలుస్తారు, ఆయన ఉప్పుతో పోల్చాడు. వంటింట్లో ఉప్పే ఎక్కువ పనికొస్తుంది.

అసలు పెళ్ళి ఎలా జరిగిందో తెలుసా? 1895 జులైలో. మేరీ ముదురు నీలం రంగు దుస్తులు కుట్టించుకుంది, తర్వాత ప్రయోగశాలకి కూడా కట్టుకోవచ్చునని. కట్నంగా, అంటే కానుకగా వచ్చిన డబ్బుతో ఇద్దరూ సైకిళ్ళు కొనుక్కున్నారు. ఆ సైకిళ్ళ మీదే తిరిగారు. ఇంత అందమైన నిజం చేతిలో ఉండగా కల్పన జోలికి ఎందుకు పోతారో!

కల్పన అంటే ఇంకొకటి చెప్పాలి. 1906 ఏప్రిల్ 19న, వర్షంలో, పారిస్‌లో రూ దోఫీన్ అనే వీధిలో గుర్రపు బండి కింద పడి పియరీ చనిపోయాడు. నిజానికి ఆయన ఆ రోజు తోటి ఆచార్యుల సమావేశం నుంచి వస్తున్నాడు. ప్రచురణకర్తల దగ్గర ప్రూఫులు చూసుకుందామని వెళితే సమ్మె వల్ల తలుపులు మూసి ఉన్నాయి. సినిమాలో మాత్రం భార్య కొత్త దుస్తులకి సరిపోయే చెవికమ్మలు కొనడానికి వెళ్ళి, ఆ ధ్యాసలో నడుస్తూ బండి కింద పడతాడు. చూశారా? సైంటిస్టుని సైన్సు పని మీద చావనివ్వరు. ఆవిడ చెవులకి నగ లేకపోవడం కథకే లోటనుకున్నారు కాబోలు. పెళ్ళి బట్టలే ప్రయోగశాల కోసం కుట్టించుకున్న మనిషికి!

భర్త పోయాక మేరీ ఇంకా ఇరవయ్యెనిమిదేళ్ళు బతికింది. ఆ సినిమాకి ఆ ఇరవయ్యెనిమిదేళ్ళూ అనవసరం. రేడియం కనిపెట్టి పాతికేళ్ళయిన సందర్భంలో తెల్ల జుట్టుతో వచ్చి ఒక ఉపన్యాసం ఇస్తుంది, తెర పడుతుంది. పియరీ పాఠం ఎక్కడ ఆపాడో సరిగ్గా అక్కడి నుంచి మొదలుపెట్టి 1906 నవంబరులో సోర్బాన్‌లో పాఠం చెప్పిన మేరీ లేదు. 1910లో రేడియంని శుద్ధమైన లోహంగా వేరు చేసిన మేరీ లేదు. యుద్ధంలో ఎక్స్‌రే బండ్లు నడిపిన మేరీ లేదు. ఉన్నంతసేపూ మంచి భార్య, తర్వాత మంచి వితంతువు.

ఇంత చెప్పి, ఏ మాటకామాట చెప్పుకోవాలి. ఆ పాత సినిమాలోనే, కొత్తదాంట్లో లేనిది, ఒక మంచి భాగం ఉంది. పాకలో పని. పొగ, బానలు, గిన్నెలు, మళ్ళీ గిన్నెలు. దర్శకుడు ఇక్కడ ఎందుకో తొందరపడలేదు. విసుగొచ్చేదాకా చూపించాడు. ఆ విసుగే అసలు సంగతి.

ఆ భాగం నడుస్తుండగా మా పక్కింటి పెద్దమ్మ చల్ల కోసం వచ్చింది. మా తిరుమలాయపాలెంలో టీవీ మోగుతున్న ఇంట్లోకి వచ్చినవాళ్ళు ఊరికే పోరు. గడపలో కూచుని కాసేపు చూసి, "ఏందమ్మాయ్, ఆమె బట్టలు ఉడకేస్తందా?" అంది.

"బట్టలు కాదు పెద్దమ్మా, మన్ను."

"మన్నా! మన్నుడకేస్తే ఏమొస్తదే?"

"ఓ లోహం వస్తుంది. బండెడు మన్నులో ఆవగింజంత కూడా ఉండదు."

"ఎన్ని దినాలు ఉడకేసింది?"

"నాలుగేళ్ళు పెద్దమ్మా."

పెద్దమ్మ మాట్లాడలేదు. కాసేపాగి, "మరి ఆమె చేతులేం గాను?" అని అడిగింది. పెద్దమ్మ ముప్ఫయ్యేళ్ళు మిరప కల్లాల్లో పనిచేసిన మనిషి. కాయలు ఏరి, తొడిమలు తీసి, ఆ మంట రాత్రిళ్ళు కొబ్బరినూనె రాసుకున్నా తగ్గదు. రెండు సినిమాలూ తీసినవాళ్ళు, రాసినవాళ్ళు, చూసి మెచ్చుకున్నవాళ్ళు ఎంతమందో ఉంటారు. చేతుల సంగతి పట్టించుకున్నది మా పెద్దమ్మ.

చేతులకి ఏమైందో చెబుతాను. రేడియం తాకీ తాకీ మేరీ వేళ్ళ చివరలు గట్టిపడి, పగిలి, నొప్పెట్టేవి. బొటనవేలితో మిగిలిన వేళ్ళని రుద్దుకోవడం ఆవిడకి అలవాటైపోయింది. చివరికి 1934 జులై 4న ఎముకల్లో రక్తం ఊరక చనిపోయింది. ఆవిడ నోటు పుస్తకాలు ఇప్పటికీ పారిస్ గ్రంథాలయంలో సీసపు పెట్టెల్లో ఉంటాయి, ఆ పేజీల్లో రేడియం ఇంకా పనిచేస్తూనే ఉంది కాబట్టి.

ఇంతకీ ఆవిడ చేసిన పని ఏమిటి? రెండు సినిమాలూ చూసిన మా మేనకోడలు, ఇంటర్‌లో సైన్సు తీసుకున్న పిల్ల, "అత్తా, అంతా చూశాను గానీ రేడియం ఉందని ముందు ఎలా తెలిసిందో అర్థం కాలేదు" అంది. ఆ ప్రశ్న సినిమావాళ్ళు వేసుకోవలసింది. నేను బి.ఏ. చదివినదాన్ని. నాకు అర్థమైనంతలో చెబుతాను, అంత కష్టమేమీ కాదు.

యురేనియం నుంచి కంటికి కనబడని కిరణాలు వస్తున్నాయని బెక్వెరెల్ 1896లో కనిపెట్టాడు. ఆ కిరణాలు గాలిలోంచి అతి సన్నని విద్యుత్తుని పారనిస్తాయి. ఆ విద్యుత్తుని కొలిచే పరికరం పియరీ, ఆయన అన్న జాక్ అంతకు పూర్వమే తయారుచేసి పెట్టారు. మేరీ ఏం చేసిందంటే, చేతికి దొరికిన ప్రతి ఖనిజాన్నీ దాని ముందు పెట్టి కొలిచింది. యురేనియం ఎంత ఉంటే కిరణాలు అంత రావాలి కదా? పిచ్‌బ్లెండ్ అనే నల్లటి ఖనిజంలో మాత్రం లెక్కకి మించి, యురేనియానికి నాలుగు రెట్ల దాకా వచ్చాయి. కొలత తప్పిందేమోనని మళ్ళీ మళ్ళీ కొలిచింది. తప్పలేదు. అయితే అందులో యురేనియం కాక ఇంకెవరో ఉన్నారన్నమాట! ఇంట్లో పాలు లెక్కకన్నా తగ్గితే పిల్లి వచ్చిందని మనం ఊహించమూ? కనబడని పిల్లిని లెక్కతో పట్టుకుంది ఆవిడ. 1898 జులైలో పొలోనియం, డిసెంబరులో రేడియం.

సరే, ఉందని చెబితే రసాయన శాస్త్రజ్ఞులు నమ్మలేదు. సీసాలో వేసి చూపించమన్నారు. అప్పుడు మొదలైంది ఉడకబెట్టడం. బొహీమియాలోని యోహిమ్‌స్థాల్ గనుల్లో గాజుకి రంగు వేయడానికి యురేనియం తీసుకుని, మిగిలిన పిప్పిని అడవిలో పారబోసేవారు. ఆ పిప్పిని బస్తాల్లో తెప్పించుకున్నారు. గోధుమరంగు మన్ను, అందులో దేవదారు ఆకులు కలిసి ఉన్నాయిట. పని స్థలం ఒక పాక. వైద్య విద్యార్థులు ఒకప్పుడు శవాలు కోసిన చోటు. వాన వస్తే కురిసేది. జర్మనీ నుంచి చూడవచ్చిన ఓస్ట్‌వాల్డ్ అనే పండితుడికి అది పశువుల కొట్టానికీ బంగాళాదుంపల కొట్టుకీ మధ్యరకంగా కనిపించింది. అక్కడ మేరీ ఒక్కోసారి ఇరవై కిలోల సరుకు తీసుకుని, తనంత పొడుగున్న ఇనపకడ్డీతో రోజంతా కలియబెట్టేది. వార్చడం, వడకట్టడం, ఇగరబెట్టడం, పేరిన పలుకులు ఏరి మళ్ళీ కరిగించి మళ్ళీ పేరనివ్వడం. రేడియం ఉప్పు, బేరియం ఉప్పు అక్కచెల్లెళ్ళలా అతుక్కుని ఉంటాయి. రేడియం ఉప్పు నీళ్ళలో కాస్త తక్కువ కరుగుతుంది కాబట్టి ముందు అది పేరుకుంటుంది. ఆ కాస్త తేడా పట్టుకుని వేలసార్లు. 1902 నాటికి టన్నుల మన్నులోంచి గ్రాములో పదోవంతు తేలింది.

చెరగడం, జల్లించడం, వార్చడం, వడకట్టడం. ఈ మాటలన్నీ మన ఆడవాళ్ళవి. అందుకే ఆ బొమ్మ మా పెద్దమ్మకి పరాయిగా అనిపించలేదు. అలా అని, 'చూశారా, వంటిల్లే ప్రయోగశాల!' అని మురిసిపోయే రకాన్ని కాను. 2019లోనే హిందీలో వచ్చిన 'మిషన్ మంగళ్' చూశారా? అంగారకుడి మీదకి రాకెట్ పంపే శాస్త్రవేత్త, నూనె కాగాక స్టవ్వు కట్టేసినా పూరీలు వేగుతాయి కదా అని ఇంధనం పొదుపు కనిపెడుతుంది. జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండింది. ఏళ్ళ తరబడి గణితం చదివిన మనిషికి తెలివి పూరీల మూకుడులోంచి రావాలా? అలా తీస్తే మగవాళ్ళకి భయం ఉండదు కాబోలు. క్యూరీకి తెలివి వచ్చింది కొలతలోంచి. చాకిరీ దాని వెనక వచ్చింది. రెండూ విడివిడిగా చూపించి, రెండూ ఒక్కమనిషే చేసిందని చూపించాలి.

వంటిల్లు కావాలంటే ఆవిడ వంటింట్లోనే ఓ ముత్యం దొరుకుతుంది. పొలోనియం కనిపెట్టిన ఆ 1898లోనే వంట పుస్తకం అంచున మేరీ ఒక లెక్క రాసుకుంది. ఎనిమిది పౌన్ల గూస్‌బెర్రీ పళ్ళు, సమానంగా పంచదార, పది నిమిషాలు ఉడికించి సన్నని జల్లెడలో వడకడితే పద్నాలుగు గిన్నెల జెల్లీ అయిందని, పారదర్శకంగా రాలేదు గాని బాగానే పేరిందని. ఆ రోజుల్లోనే ఇంకో పుస్తకంలో పెద్దకూతురు ఐరీన్‌కి ఎన్నో పన్ను వచ్చిందీ, ఎప్పుడు నడిచిందీ. పళ్ళైనా పన్నైనా రేడియమైనా ఆవిడకి ఒకటే శ్రద్ధ, ఒకటే భాష. ఆవకాయకి కంటి అంచనాతో కారం పోసే మనం కొంచెం సిగ్గుపడాలేమో గానీ, ఈ పేజీ చాలు ఒక మనిషిని తెర మీద నిలబెట్టడానికి.

ఇక 'రేడియోయాక్టివ్'. లారెన్ రెడ్నిస్ అనే ఆవిడ 2010లో వేసిన బొమ్మల పుస్తకం దీనికి ఆధారం. సత్రాపి చేసిన మంచి పని ఏమిటంటే, మేరీని మంచమ్మాయిగా చేయలేదు. రోజమండ్ పైక్ మేరీ ముక్కుసూటి మనిషి, నవ్వదు, ఎవర్నీ బుజ్జగించదు, చోటు కావాలని పెద్దమనుషుల్ని నిలదీస్తుంది. గార్సన్ అమ్మవారి తర్వాత ఈ రాలుగాయి పిల్ల నాకెంతో హాయిగా ఉంది. 1911 గొడవని కూడా దాచలేదు. భర్త పోయిన అయిదేళ్ళకి, పెళ్ళయి పిల్లలున్న పాల్ లాంజెవిన్ అనే శాస్త్రజ్ఞుడితో ఆవిడ స్నేహం పత్రికలకెక్కింది. విదేశీ ఆడది ఫ్రెంచి కాపురం కూల్చిందని ఇంటి ముందు జనం పోగయ్యారు. లాంజెవిన్ ఉద్యోగం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ ఏడాది జనవరిలోనే ఫ్రెంచి సైన్సు అకాడమీ ఎన్నికలో మేరీ కొద్ది ఓట్లతో ఓడింది. డిసెంబరులో రెండో నోబెల్ వచ్చింది. బహుమతి కమిటీలో మాట చెల్లే అరీనియస్, స్వీడనుకి రాకుండా ఉంటే మంచిదని ఉత్తరం రాశాడు. నా శాస్త్రానికీ నా సొంత బతుకుకీ సంబంధం ఏమిటన్న అర్థంలో జవాబు రాసి, మేరీ వెళ్ళింది. అక్కడ ఉపన్యాసంలో రేడియం విషయంలో ఏది తను ఒంటరిగా చేసిందో విడమరిచి మరీ చెప్పింది. నిందలు మోస్తూ నిలబడి, అక్కడ కూడా పని లెక్కే అప్పజెప్పింది! నా మట్టుకు ఆవిడ జీవితంలో అన్నిటికన్నా నాటకీయమైన ఘట్టం ఇదే.

కాని ఈ సినిమా వేరే నాటకం ఎంచుకుంది. 1903 నోబెల్ అందుకోవడానికి పియరీ ఒక్కడే స్టాక్‌హోం వెళ్ళినట్టూ, మేరీ ఇంట్లో రగిలిపోయి తిరిగొచ్చాక నిలదీసినట్టూ తీశారు. నిజానికి ఆ డిసెంబరులో ఇద్దరూ వెళ్ళలేదు. 1905 జూన్‌లో ఇద్దరూ కలిసి వెళ్ళారు. ఉపన్యాసం పియరీ ఇచ్చాడు, మేరీ సభలో కూచుంది. అన్యాయం జరగలేదని కాదు నేను అనేది. అన్యాయం ముందే జరిగింది. 1903లో పారిస్ పెద్దలు నోబెల్ కమిటీకి పంపిన ప్రతిపాదనలో బెక్వెరెల్, పియరీ పేర్లే ఉన్నాయి, మేరీ పేరే లేదు. మిట్టాగ్-లెఫ్లర్ అనే స్వీడను గణితజ్ఞుడు ఆ సంగతి రహస్యంగా పియరీకి రాస్తే, తన భార్య పేరు కూడా ఉండాలని పియరీ జవాబిచ్చాడు. అలా ఆవిడ పేరు చేరింది. తోటి పండితుల చేతిలో మాయమైన పేరుని భర్త తిరిగి పెట్టించాడు. సినిమా ఈ నేరాన్ని పండితుల మీద నుంచి తీసి పియరీ మీద వేసింది, ఎందుకంటే మొగుడూ పెళ్ళాల తగాదా తీయడం తేలిక. ఒక కమిటీ గదిలో పేరు జారిపోవడాన్ని తీయాలంటే తల బద్దలు కొట్టుకోవాలి.

ఇంతకన్నా నన్ను బాధపెట్టింది ఇంకొకటి. కథ మధ్యలో తెర ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. 1945 హిరోషిమా, నెవడా ఎడారిలో బాంబు పరీక్ష, 1986 చెర్నోబిల్. మధ్యలో ఆస్పత్రిలో కేన్సరు పిల్లాడికి వైద్యం ఒకటి, న్యాయం కోసం. చనిపోయే వేళ మేరీ వీటన్నిటి మధ్యా నడుస్తుంది. పర్యవసానాలు చూపించాలన్న దర్శకురాలి ఉద్దేశం నాకు అర్థమైంది. యుద్ధం చూసిన దేశం మనిషి ఆవిడ. మాకు కూడా ఇవి దూరపు కబుర్లు కావు. ఒకప్పటి మా ఖమ్మం జిల్లాలోని అశ్వాపురంలో 1991 నుంచి భారజల కర్మాగారం ఉంది, అణు రియాక్టర్లకి ఆ నీళ్ళు కావాలి. ఈ సినిమా టొరంటో ఉత్సవంలో మొదటిసారి వేసిన 2019 సెప్టెంబరులోనే, నల్లమలలో యురేనియం తవ్వొద్దని తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది.

అయినా అడుగుతాను. 2023లో 'ఓపెన్‌హైమర్' వచ్చింది. బాంబు తయారుచేసిన లాస్ అలమోస్ కేంద్రానికి సాక్షాత్తూ అధిపతి ఆయన. మూడు గంటల సినిమా. అందులో హిరోషిమా కనబడదు. ఆయన మనస్సులో కలత కనబడుతుంది, ఆ కలతకే మనం జాలిపడాలి. బాంబుకి పదకొండేళ్ళ ముందే చనిపోయిన మేరీ క్యూరీ సినిమాలో మాత్రం ఆ విమానం, ఆ మంట, ఆ నగరం, అన్నీ ఉన్నాయి. మగవాడి పాపం ఆయన గుండెలో దాగింది, ఆడదాని మీద మాత్రం ఆవిడ చేయని పాపం తెర నిండా. యురేనియం పరమాణువు పగిలిందని లెక్క కట్టి చెప్పిన లీజా మైట్నర్ బాంబు పనికి రానని తెగేసి చెప్పింది. పేరుకి 1944 నోబెల్ హాన్ ఒక్కడికే వచ్చింది. ఆవిడ మీద అయినా సినిమా తీయండి, అందులో హిరోషిమా చూపించండి, నేను మారు మాట్లాడను.

1943 నాటి సినిమాకి ఈ బెడద లేదు. అది విడుదలైన డిసెంబరు నాటికి అమెరికాలో బాంబు రహస్యంగా తయారవుతోంది, ప్రేక్షకులకి తెలియదు. వాళ్ళకి రేడియం అంటే కేన్సరు మందు, చీకట్లో మెరిసే నీలి వెలుగు. ఆ అమాయకత్వంలో కూచుని పని చూపించారు. అంతా తెలిసిన కాలంలో తీసిన సినిమా పర్యవసానాల మీద పడి, పనిని నాలుగు నిమిషాల్లో దాటేసింది. యుద్ధకాలం ఎక్స్‌రే బండ్ల భాగం మాత్రం బాగుంది. పదిహేడేళ్ళ ఐరీన్‌ని వెంటబెట్టుకుని తల్లి యుద్ధభూమికి వెళ్ళడం, ఆ పిల్ల వేషంలో ఆన్యా టేలర్-జాయ్ కళ్ళు. అయితే అక్కడా సినిమా తల్లీకూతుళ్ళ చుట్టూనే తిరిగింది. మేరీ సుమారు నూటయాభై మంది ఆడవాళ్ళకి ఎక్స్‌రే పని నేర్పి యుద్ధానికి పంపింది. అన్ని చేతులు ఒక్కసారి తెర మీద కనబడితే ఎలా ఉండేదో!

పని చూపించడం సినిమాకి కుదరదంటారా? కుదురుతుంది. మనవాళ్ళే చేసి చూపించారు. 2018లో నాగ్ అశ్విన్ తీసిన 'మహానటి'లో, దర్శకుడు ఎడమ కంటి నుంచి రెండే రెండు చుక్కలు రావాలంటాడు, సావిత్రి సరిగ్గా రెండే రాలుస్తుంది. కీర్తి సురేష్ అలా కూచుని ఉంటే హాలంతా ఊపిరి బిగబట్టింది. ఏడుపు కాదు అక్కడ చూసింది, పనితనం. ఆ సినిమాలో కూడా తర్వాత మొగుడూ, మోసమూ, తాగుడూ వచ్చి పడ్డాయి గాని, ఆ రెండు చుక్కల్లో సావిత్రి ఏమిటో చెప్పేశారు.

అందుకే మన తెలుగువాళ్ళకి ఒక కథ అప్పజెబుతున్నాను. అయ్యలసోమయాజుల లలిత. 1919లో మద్రాసులో తెలుగింట పుట్టింది. పదిహేనో ఏట పెళ్ళి. పద్దెనిమిదో ఏట, ఒడిలో నాలుగు నెలల కూతురు ఉండగా భర్త పోయాడు. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రికల్ విభాగంలో ఆచార్యులు. కూతుర్ని అక్కడే చేర్చారు. అంతమంది మగపిల్లల కాలేజీలో ఒక్కతే ఆడపిల్ల. తర్వాత థ్రెసియా, లీలమ్మ జార్జి అని ఇద్దరు సివిల్‌లో చేరారు. 1943లో లలిత ఎలక్ట్రికల్ ఇంజనీరుగా బయటికొచ్చింది. పట్టా కాగితం మీద అచ్చులో 'అతడు' అనే ఉంది, దాన్ని కొట్టేసి 'ఆమె' అని చేత్తో రాయవలసి వచ్చింది. జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ, ఆ తర్వాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో ఉద్యోగం. విద్యుత్తు లైన్లు, సబ్‌స్టేషన్ల నమూనాలు గీసింది. భాక్రా నంగల్ పనిలో కూడా ఆవిడ చెయ్యి ఉంది. 1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్లు, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ సభకి వెళ్ళింది. 1979లో, అరవయ్యేళ్ళకి చనిపోయింది.

ఈ కథ మన నిర్మాతలకి వినిపిస్తే ఏం చేస్తారో నాకు తెలుసు. ఇంటర్వెల్ దాకా పెళ్ళీ, వైధవ్యమూ, బొట్టు చెరపడమూ, వర్షమూ. కాలేజీలో ఒక సహృదయుడైన కుర్రాడు తప్పకుండా ఉంటాడు. ఆఖర్న ఆనకట్ట మీద దీపాలన్నీ ఒక్కసారి వెలుగుతాయి, వెనక కోరస్. లలిత ఏం గీసిందో ఎవరికీ తెలియదు.

నాకు కావలసింది అది కాదు. మేజాబల్ల, దాని మీద పరిచిన కాగితం, స్కేలు. లక్షల వోల్టుల విద్యుత్తు ఒక ఊరికి వచ్చి ఇళ్ళలోకి పోయే ముందు సబ్‌స్టేషన్‌లో దాన్ని ఎలా తగ్గిస్తారు, పిడుగు పడితే లైను ఎలా తెగి ఊరు బతుకుతుంది, ఆ తీగెకీ ఈ తీగెకీ మధ్య ఎంత దూరం ఉండాలి, ఒక అడుగు తప్పితే ఏమవుతుంది. ఇవి చూపించండి. అర్థం కాదని భయపడకండి. మా మేనకోడలికి అర్థమవుతుంది. దానికి అర్థమైతే అది మా పెద్దమ్మకి చెబుతుంది. పాల్వంచలో థర్మల్ కేంద్రం వచ్చి కరెంటు తీగెలు పొలాల మీదుగా సాగిన కాలం పెద్దమ్మ చూసింది. ఆ తీగెల లెక్క ఒక ఆడమనిషి కూడా గీసిందని వింటే ఆవిడ ఏం అడుగుతుందో ఊహించగలను. "ఆమె బిడ్డని ఎవరు చూసుకున్నరు?" అని అడుగుతుంది. అది కూడా సినిమాలో ఉండాల్సిందే, ఓ పక్కన, బల్ల మీద కాగితం కనబడుతుండగానే.